మామూలు కుట్టుమిషన్ మీద జెర్సీ డ్రెస్ కుట్టుకోవచ్చా? ఫిట్టింగ్ కుదురుతుందా?

శుభ్రంగా కుట్టుకోవచ్చు. మీ ఇంట్లో ఉన్నది కాలితో తొక్కే పాత మిషన్ అని, దానికి జిగ్‌జాగ్ (అటూ ఇటూ పడే సాగే కుట్టు) లేదని, వీధి చివర టైలర్ "బనియన్ గుడ్డ మేం కుట్టమండీ" అని తిప్పి పంపాడని రాశారు. ఇవేవీ అడ్డం కాదు. అడ్డమల్లా మనకు ఒంటబట్టిన జాకెట్ లెక్కలే. ఛాతీలో నాలుగో వంతు తీసుకో, లూజు కలుపు, ఇక్కడ డాటు పెట్టు, చంక ఇంత దించు అని మిషన్ నేర్పే చోటల్లా ఇదే పాఠం. నేత బట్టకి ఆ లెక్కలు చక్కగా సరిపోతాయి. జెర్సీ లాంటి సాగే అల్లిక బట్ట దగ్గరికి వచ్చేసరికి టేపు అబద్ధం చెబుతుంది.

మా ఆడపడుచు డ్రెస్ సంగతి చెబుతాను. వేసవి సెలవులకి విజయవాడ వచ్చేటప్పుడు తను తిరుప్పూరు నుంచి ముదురు నీలం జెర్సీ తెచ్చుకుంది. 95 శాతం నూలు, 5 శాతం లైక్రా, అంటే సాగే దారం. అక్కడ ఈ బట్ట కిలోల లెక్కన అమ్ముతారు. ఆ మాట వినగానే మా అత్తగారు "వంకాయలు కొన్నట్టు కొన్నావటే?" అన్నారు. 200 జీఎస్‌ఎం మందం (చదరపు మీటరుకి 200 గ్రాములు), 60 అంగుళాల పన్నా ఉంటే కిలోకి మూడు మీటర్ల పైచిలుకు వస్తుంది. మోకాళ్ల కిందికి దిగే డ్రెస్సుకి రెండు మీటర్లు చాలు. అంటే ముప్పావు కిలో కొన్నా ముక్క మిగులుతుంది. మన దగ్గర మీటర్ల లెక్కన అమ్మేవాళ్లు ఈ లెక్క తెలియనివ్వరు, అది వేరే విషయం.

మా అత్తగారు జాకెట్లు కుట్టి ఇల్లు నడిపిన మనిషి. ఆవిడ వేసినంత నున్నగా చంక కుట్టు వేసేవాళ్లని నేనింకా చూడలేదు. కూతురి డ్రెస్ కోడలు కుడుతోందంటే ఊరుకుంటారా, టేపు మెళ్లో వేసుకుని వచ్చి కూర్చున్నారు.

"డాట్లేవమ్మాయ్?"

"డాట్లుండవు అత్తయ్యా. బట్టే సాగి కూర్చుంటుంది."

"మరి లూజెంత వదిలావు?"

"వదల్లేదు, తగ్గించాను. తన ఛాతీ 38, డ్రెస్ 36."

ఆవిడ టేపు తీసి మంచం మీద పడేశారు. "పిల్లకి ఊపిరాడదు" అని తీర్పు చెప్పేశారు.

ఎందుకాడదు? నేను కొలతలు పట్టి గీయలేదు. తనకి బాగా కుదిరిన పాత టీషర్టునే ఆదిగా పరిచి, నడుము దాకా దాని చుట్టూ గీసి, ఘేరా విడిగా కత్తిరించి జత చేశాను. ఆ టీషర్టు కొలిస్తే 36 ఉంది, అది వేసుకుని తను హాయిగానే తిరుగుతోంది. ఒక్క సంగతి మాత్రం చూసుకోవాలి: ఆది బట్ట, కొత్త బట్ట ఇంచుమించు ఒకేలా సాగాలి. మడత పెట్టి నాలుగంగుళాల మేర పట్టుకుని అడ్డంగా లాగండి. బలవంతం చేయకుండా ఐదంగుళాలు దాటి, వదిలితే మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తే ఆ బట్ట మంచిది. సాగి అలాగే ఉండిపోతే కొనకండి, మోకాళ్ల దగ్గరా మోచేతుల దగ్గరా తిత్తులు కడుతుంది.

పక్కకుట్లు కచ్చాగా వేసి, తిరగేసి తొడిగించి, అద్దం ముందు నిలబెట్టాను. జెర్సీలో ఫిట్టింగంతా ఇక్కడే. తిరగేస్తే కుట్టు పైకి ఉంటుంది, పిన్నీసు ఎక్కడ పెడితే అక్కడే కుట్టేయచ్చు. వేసుకోగానే ఎడమ మెడ దగ్గర మొదలై చంక వైపు ఏటవాలుగా రెండు ముడతలు కనబడ్డాయి. చూస్తే ఎడమ భుజం కుడిదానికన్నా కాస్త దిగి ఉంది. చాలామందికి అలాగే ఉంటుంది, భుజానికి సంచీ తగిలించుకునే వాళ్లకి మరీను. టేపు రెండు భుజాలకీ ఒకే అంకె చెబుతుంది. తిరగేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి, దీనికి మాత్రం డ్రెస్‌ని తిన్నగా తొడిగించి, ఎడమ భుజం చివర పావు అంగుళం లోపలికి పట్టి, మెడ దగ్గరికి వచ్చేసరికి సున్నా చేశాను. ముడతలు పోయాయి.

అసలు తగువు నడుము వెనక వచ్చింది. వీపు కింద గుంట దగ్గర బట్ట అడ్డంగా కుప్ప పడుతోంది. "పక్కలు పట్టెయ్, వదులుగా ఉంది" అన్నారు అత్తగారు. నలుగురిలో ముగ్గురు అదే చేస్తారు. పక్కలు బిగిస్తే తుంటి దగ్గర బట్ట ఇంకా ఇరుక్కుని పైకి ఎగబాకుతుంది, కుప్ప ఎక్కువవుతుంది. అక్కడ ఎక్కువైంది వెడల్పు కాదు, పొడవు. నడుము కుట్టు దగ్గర వీపు మధ్యలో ముప్పావు అంగుళం మడిచి పిన్ను పెట్టి, పక్కలకి వచ్చేసరికి ఏమీ లేకుండా చేశాను. బట్ట జారి నున్నగా పడింది. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని చేత్తో తడిమి చూశారు. ఏమీ అనలేదు గానీ లేచి వెళ్లి లంగాకి వాడే పల్చటి నాడా ముక్క తెచ్చిచ్చారు. "భుజం కుట్టులో ఇది వేసి కుట్టు. లేకపోతే ఘేరా బరువుకి భుజాలు జారతాయి" అన్నారు. అది నూటికి నూరుపాళ్లు నిజం. సాగే బట్టలో సాగకూడని చోటు భుజమే. ఖరీదైన టేపులు కొనమని వీడియోల్లో చెబుతారు, నాడా చాలు.

చంక విషయంలో మాత్రం జాకెట్ అలవాటు పూర్తిగా మానుకోండి. ఆడాలని కిందికి దించుతాం కదా, జెర్సీలో అది తిరగబడుతుంది. చంక పైకుంటేనే చెయ్యి తేలిగ్గా లేస్తుంది. అటక మీద డబ్బా అందుకున్నట్టు చెయ్యెత్తమనండి. డ్రెస్ అంతా కూడా లేస్తే చంక లోతైనట్టే.

ఇక మిషన్. సూది మార్చండి, సగం గొడవ తీరుతుంది. మామూలు మొన అల్లికలోని దారాన్ని తెంపేస్తుంది, అక్కణ్ణుంచి చిల్లి పాకుతుంది. బాల్‌పాయింట్ సూది గుండ్రటి మొనతో దారాల మధ్య దారి చేసుకుని దిగుతుంది. లైక్రా కలిసిన బట్టకైతే ఇంటి మిషన్ల స్ట్రెచ్ సూది, హెచ్‌ఏఎక్స్‌1 ఎస్‌పీ, 11 నంబరు అడగండి. దుకాణంవాడు "ఏదైనా ఒకటే" అంటే ఇంకో దుకాణానికి వెళ్లండి. దారం పాలిస్టర్‌దే కావాలి, నూలు దారం మొదటిసారి కూర్చోగానే టప్పున తెగుతుంది. తిన్నటి కుట్టే అయినా బట్టని ముందూ వెనకా సమంగా, కొద్దిగా బిగువుగా పట్టుకుని కుట్టి, పక్కనే రెండో కుట్టు వేస్తే పక్కలకి చాలు. పక్కకుట్లు నిలువుగా ఉంటాయి, వాటి మీద లాగుడు తక్కువ. తెగేది మెడ. దానికీ ఉపాయముంది: తల చుట్టుకొలత 22, 23 అంగుళాలుంటే మెడ 25 పెట్టుకోండి. సాగకుండానే తల పడుతుంది, కుట్టు తెగదు. అందుకే టైలర్లు "మేం కుట్టం" అనడం నాకు ఒళ్లుమంట. సూది, దారం, ఓపిక మారాలి, అంతే. పెళ్లిళ్ల సీజన్‌లో జాకెట్‌కి వెయ్యి అడగ్గా లేనిది సూది మార్చడం బరువా?

కత్తిరించే ముందు బట్ట తప్పకుండా ఉతకండి. నూలు జెర్సీ నిలువునా మీటరుకి రెండంగుళాల దాకా కుంచించుకుపోవచ్చు. ఉతికాక పల్చగా గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. కత్తిరించిన అంచులు చాప చుట్టుకున్నట్టు చుట్టుకోకుండా గంజి ఆపుతుంది, తర్వాతి ఉతుకులో పోతుంది. ఈ చిట్కా ఏ టైలరూ నాకు చెప్పలేదు.

కింద అంచు అప్పుడే మడవద్దు. రాత్రంతా వేలాడదీయండి. మా ఆడపడుచు డ్రెస్సుకి తెల్లారేసరికి వెనకవైపు వేలెడు మందం దిగింది. నేల నుంచి కొలిచి సమానంగా కత్తిరించి, కింద న్యూస్‌పేపర్ పట్టీ పెట్టి కుట్టి, కాగితం చింపేశాను. పేపర్ లేకుండా కుడితే అంచు అలలు అలలుగా వస్తుంది.

డ్రెస్ చూసి చుట్టాల్లో ఒకావిడ "బనియన్ గుడ్డేంటమ్మా" అని మూతి విరిచింది. 1910ల్లో ఫ్రాన్సులో కోకో షనెల్ అనే డిజైనర్ జెర్సీతో ఆడవాళ్ల దుస్తులు కుట్టించి అమ్మేనాటికి అది ఎక్కువగా మగవాళ్ల లోదుస్తుల బట్టే. 1974లో డిజైనర్ డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ తెచ్చిన ర్యాప్ డ్రెస్ కూడా జెర్సీయే. జిప్పు లేదు, గుండీ లేదు, చుట్టుకుని ముడేసుకోవడమే. చీర కట్టే మనకి అదేం బ్రహ్మవిద్య? ఫిట్టింగ్ అంటే మీకు మరీ టెన్షనైతే మొదటి డ్రెస్ అదే కుట్టండి. కాస్త అటూ ఇటూ అయినా ముడి సర్దేస్తుంది.

ఆన్‌లైన్‌లో "జెర్సీ లైక్రా" అని చవగ్గా కనబడేదాంట్లో చాలావరకు పాలిస్టరే. బెజవాడ మే నెలలో అది వేసుకుని బస్సెక్కి చూడండి, తెలుస్తుంది. ముందు అందులో ఏ దారం ఎంత శాతమో చదివి కొనండి.

కుట్టాక హ్యాంగర్‌కి తగిలించకండి, మడతపెట్టి అల్మారాలో పెట్టుకోండి. ఇస్త్రీకి ఇచ్చేటప్పుడు లాగొద్దని, పెట్టె మరీ కాలనివ్వొద్దని చెప్పండి. చెప్పినా లాగుతాడు, కాబట్టి మీరే చేసుకోవడం మంచిది.