స్వెట్టరు నేస్తామా, అల్లుతామా?

సందేహం: “ఈసారి ఎండాకాలం చివర్లో బయట అడుగు పెట్టలేక ఇంట్లోనే గడిపాను. పగలు ఊలుతో పని, సాయంత్రం పాత చీరలతో బొంత, రాత్రి పుస్తకం. ఆ సంగతులూ, చుట్టాల కబుర్లూ దూరాన ఉన్న మా అమ్మాయికి రాస్తూ ‘పాపకు స్వెట్టరు నేస్తున్నా, బొంత అల్లుతున్నా, ఈ కత్తిరి ఎండలు పోయినాక పంపిస్తా’ అన్నాను. ‘నేసేది చీర, అల్లేది స్వెట్టరు, కుట్టేది బొంత. ఇంతకీ కత్తిరి ఎండలేంటమ్మా, కత్తెరతో కోస్తాయా?’ అని నవ్వింది. మాలో ఎవరిది సరి? బొంత అనేది మోటుగా ఉంది కదా, ఇంకేదైనా మంచి మాట చెబుతారా?” (ఒక పాఠకురాలు, తిరుపతి)

సమాధానం: అమ్మా, స్వెట్టరు, బొంతల విషయంలో మీ అమ్మాయి చెప్పిందే సరి. కత్తిరి విషయంలో మీరు రాసింది సరి. ఆ అమ్మాయి నవ్వుతూ అన్నమాట కూడా నిజానికి చాలా దగ్గరగా వచ్చింది. అది చివర్లో చెబుతాను.

నేతకు రెండు వరసల దారాలు కావాలి. మగ్గం మీద నిలువునా బిగించి ఉండేది పడుగు. దారపు కండెను మోసే నాడె అడ్డంగా అటూ ఇటూ తిరుగుతూ పరిచేది పేక. వెంకటగిరి చేనేత చీరైనా, నగరి మరమగ్గం గుడ్డైనా పుట్టుక ఇదే. స్వెట్టరులో పడుగూ లేదు, పేకా లేదు. ఒకటే ఊలుదారం. సూది మీద ఒక ఉచ్చు, ఆ ఉచ్చులోంచి లాగిన ఇంకో ఉచ్చు, అలా వరస మీద వరస పెరుగుతుంది. మీరు రోజూ చేసే పనే కాబట్టి మీకు చెప్పాల్సిన అవసరం లేదు. సూది నుంచి జారిన కొసను పట్టి లాగితే వారం రోజుల పని చూస్తుండగానే ఊలు ఉండ అయిపోతుంది కదా! చీరకు అలా జరగదు. కొంగు చివర నాలుగు పోగులు ఊడతాయి గానీ చీరంతా చేతికి రాదు. ఈ తేడా చేతులకు తెలుసు. చేతులకు తెలిసింది మాటలోకి వచ్చింది.

అందుకే జడ అల్లుతాం, బుట్ట అల్లుతాం, తడిక అల్లుతాం, వల అల్లుతాం. కాకర తీగ పందిరికి అల్లుకుంటుంది. లేని కథ అల్లేవాళ్లూ ఉన్నారు. కవిత్వానికి కూడా మనవాళ్లు ఈ మాటే ఇచ్చారు. పెద్దన కవిత్వాన్ని మెచ్చుకుంటూ ‘అల్లసానివాని అల్లిక జిగిబిగి’ అన్న చాటువు ఈనాటికీ నోళ్లలో నానుతోంది. జిగి అంటే మెరుపు, బిగి అంటే బిగువు. మంచి స్వెట్టరుకు కావాల్సినవి కూడా ఆ రెండే అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. వదులుగా అల్లితే సాగిపోతుంది, మరీ బిగిస్తే పాప తలే దూరదు.

ఒక చిక్కు మాత్రం ఉంది, దాచను. నులక మంచానికి ‘అల్లడం’, ‘నేయడం’ రెండూ వాడుకలో విన్నాను. నులక కిందికీ మీదికీ పోయే తీరు నేతలా ఉంటుంది, మగ్గం లేకుండా చేత్తో చేసే తీరు అల్లికలా ఉంటుంది. రెండు పనులూ కలిసినచోట మాటలూ కలిశాయి. అక్కడ ఎవరినీ దిద్దకూడదు. సాలెపురుగు సంగతీ ఇలాంటిదే. నేతపని చేసే సాలెల పేరు దానికి పెట్టుకున్నాం, తీరా గూడు దగ్గరికి వచ్చేసరికి ‘అల్లింది’ అంటాం.

ఇక బొంత. దీన్ని కుట్టాలి, వేరే దారి లేదు. సూది గుడ్డను పొడిచి అవతలికి పోతే అది కుట్టు. తేలు కుట్టినా, చెవులు కుట్టినా, విస్తరి కుట్టినా అదే పని. ‘కుట్లు, అల్లికలు’ అని జంటగా చెప్పే అలవాటు మనకు ఉంది. రెండూ ఒకటే అయితే జంట ఎందుకు? రాసేటప్పుడు ‘కుట్టుతూ’ కంటే ‘కుడుతూ’ బాగుంటుంది. పెట్టు పెడుతూ, కట్టు కడుతూ, కొట్టు కొడుతూ అయినట్టే ఇదీను.

బొంత మోటు మాట అన్నారు. అది ఒప్పుకోను. మా చిన్నప్పుడు పుత్తూరు దగ్గర మా అవ్వ బొంత కుట్టేది. ఇంటి ముందు తిన్నె మీద పాత పంచె పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టేది. దాని మీద ఒక చీర, ఆ మీద ఇంకో చీర, వాటి మీద రంగురంగుల పీలికలు. ముడతలు చేత్తో దువ్వి, అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వచ్చేది. మా అక్క పావడ అంచు ఆకుపచ్చది ఒక మూలన ఉండేది. నడుమ ఎర్ర ముక్క మా అత్త పెండ్లి కోకది. ఎవరైనా వచ్చి కూర్చుంటే అవ్వ ఆ ముక్క మీద వేలు పెట్టి ఆ పెండ్లి సంగతి మొదలుపెట్టేది. అన్నేళ్ల తర్వాత కూడా ఆ ఎర్ర ముక్క దగ్గర గుడ్డ మిగతాచోట్ల కంటే మెత్తగా ఉండేది, అన్నిసార్లు తడిమింది మరి.

అలాంటిదాన్ని పత్రికలు ‘అతుకుల బొంత ప్రభుత్వం’ అని వెక్కిరింతకు వాడతాయి. పొత్తు కుదరని పార్టీల గురించి చెప్పడానికి వేరే పోలిక వెతుక్కోవచ్చు. అతుకు వేయడం చేతకాని పని కాదు, గుడ్డ విలువ తెలిసినవాళ్ల పని. ‘గంతకు తగ్గ బొంత’ అని సామెత ఉంది. పశువు వీపున బరువు మోయడానికి వేసేది గంత, దానికి సరిపడే మెత్త బొంత. ఒకదానికొకటి కుదిరాయి అని చెప్పడానికి పుట్టిన ఆ మాటనూ మనం ఎగతాళికే వాడుతున్నాం. సంస్కృతంలో అతుకుల వస్త్రానికి కంథ అని పేరు. బెంగాలీవాళ్లు అదే మాట నుంచి వచ్చిన ‘కాంథా’ను గర్వంగా చెప్పుకుంటారు. ఆ పేరుతో వచ్చే చీరలను మనవాళ్లూ వేలు పోసి కొంటున్నారు. మన బొంతకు మాత్రం సిగ్గుపడి ‘క్విల్ట్’ అంటున్నాం. మీరు సిగ్గుపడొద్దమ్మా. ‘బొంత’ అనే రాయండి. బొంతకాకి, బొంతజెముడు అన్నప్పుడు వచ్చే బొంత పెద్దది, మోటుది అన్న అర్థంలో వస్తుంది. మీకు మోటుగా వినిపించింది బహుశా దానివల్లే.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి పూనికతో, వృత్తి పనివాళ్ల మాటలను ఊరూరా ఏర్చి కూర్చిన మాండలిక వృత్తి పదకోశంలో 1971 నాటి సంపుటం మొత్తం చేనేత మాటలే. మగ్గం మీది ప్రతి పుల్లకూ ఊరూరా ఏ పేరుందో ఏరి పెట్టారు. ఇళ్లలో ఆడవాళ్లు వాడే కుట్ల పేర్లను, అల్లిక పేర్లను కూడా అంత శ్రద్ధగా ఏరుకోవాలని నా కోరిక. మీకు తెలిసిన పేర్లు రాసి పంపితే సంతోషిస్తాను. ముఖ్యంగా బొంత మీద మీరు వేసే కుట్టును మీ ఇంట్లో ఏమంటారో చెప్పండి.

కబుర్ల గురించి ఒక్క మాట. అరబ్బీ ఖబర్ ఉర్దూ మీదుగా వచ్చి మనకు కబురు అయింది. ఒకటైతే వార్త: ‘కబురు పెట్టారు’. బహువచనమైతే కాలక్షేపం: ‘కబుర్లు చెప్పుకున్నాం’. చుట్టాల కబుర్లు అని మీరు రాసింది చక్కగా ఉంది.

ఇప్పుడు కత్తిరి. మే మొదటి వారంలో మొదలై నెలాఖరు దాకా ఉండే ఎండలను పంచాంగంలో కర్తరి అంటారు. తమిళనాడు పక్కనే ఉన్న మన చిత్తూరు వైపు నోట అది కత్తిరి అయింది. తమిళంలోనూ కత్తిరి వెయిల్ అనే అంటారు. సంస్కృతంలో కర్తరి అంటే కత్తెరే. కోయడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. మన కత్తెర కూడా ఆ కర్తరి నుంచి వచ్చిందే. కాబట్టి మీ అమ్మాయి ‘కత్తెరతో కోస్తాయా’ అని అడిగినప్పుడు తెలియకుండానే ఆ మాట పుట్టింటికి వెళ్లి వచ్చింది! బళ్లో చదువుకున్న ‘కర్తరి ప్రయోగం’ మాత్రం వేరు. అది కర్త అనే మాటకు సప్తమీ విభక్తి రూపం, కర్మ నుంచి కర్మణి వచ్చినట్టు. దానికీ కత్తెరకూ చుట్టరికం లేదు.

మే 25 ప్రాంతంలో వచ్చే రోహిణి కార్తె వేరే లెక్క. రోళ్లు పగిలే ఎండలని దానికి పేరు. కత్తిరి పోయినా రోహిణి జూన్ మొదటి వారం దాకా ఉంటుంది. స్వెట్టరు పార్సెల్ ఎప్పుడు పంపాలో దాన్నిబట్టి చూసుకోండి.

ఈసారి రాసేటప్పుడు ‘పాపకు స్వెట్టరు అల్లుతున్నా, బొంత కుడుతున్నా’ అని రాయండి. ఫోనులో మాట్లాడితే ‘అల్లతాండా, కుడతాండా’ అనే అనండి. అది మన ఊరి పలుకు, ఆ పాప చెవిన పడనివ్వండి.