ఇంట్లో వస్తువులన్నిట్లో చిప్‌లు: మనకు లాభమా?

"రేపు ఇంట్లో ప్రతి వస్తువులోనూ చిప్ ఉంటుందంటున్నారు, దానివల్ల మనకు లాభమా, రిపేర్ల గోలా?" అని అడిగారు. ఖమ్మంలో 20 ఏళ్లుగా ఫ్యాన్లు, మోటార్లు వైండింగ్ చేస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చే వాటి గురించే చెప్తాను.

పాత సీలింగ్ ఫ్యాన్ అంటే రాగితీగ చుట్టలు, రెండు బేరింగులు, ఒక కండెన్సర్, అంతే. 75 వాట్ల దాకా లాగేది. ఇప్పుడొచ్చే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల తిరిగేస్తోంది. తిరిగే భాగంలో అయస్కాంతాలుంటాయి. బోర్డు మీద గోరంత చిప్ ఆ అయస్కాంతాలు ఏ క్షణాన ఎక్కడున్నాయో కనిపెట్టి, ఏ చుట్టకు కరెంటివ్వాలో చూసుకుంటుంది. రోజుకు 15 గంటలు వాడే ఇంట్లో ఒక్క ఫ్యాన్ మీదే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. మే నెలలో కరెంటు పోయినప్పుడు, అదే ఇన్వర్టర్ మీద పిల్లలు తెల్లారేదాకా నిద్రపోతున్నారు. ఇది చిన్న లాభం కాదండీ.

నా బాధల్లా బోర్డు పోయినప్పుడే. మొన్నొకావిడ మూడేళ్ల ఫ్యాన్ పట్టుకొచ్చారు. ఉరుముల వాన రాత్రి ఆగిపోయిందట. విప్పి చూస్తే చుట్టలు, బేరింగులు కొత్తవాటిలా ఉన్నాయి. బోర్డు మీద మాత్రం నల్లటి జిగురు పోసి గడ్డకట్టించారు. వేడిచేసి గంటసేపు గీకాను, జిగురుతోపాటు పార్టులూ ఊడొచ్చాయి. ఆ మోడల్ బోర్డు ఇక రాదని కంపెనీవాళ్లు చెప్పేశారు. పాత ఇనుముకు వేయడానికి మనసొప్పక ఆ మోటారును ఇంకా షాపులోనే ఉంచుకున్నాను.

కారు అద్దం మీది ఫాస్టాగ్‌లోనూ చిప్పే ఉంది. దానికి బ్యాటరీ లేదు, టోల్‌గేటు రీడర్ పంపే తరంగాల నుంచే కావలసిన కరెంటు తీసుకుంటుంది. పాడైతే స్టిక్కర్ మారుస్తారు, కారు ఆగదు. బట్టలకు, మందుల పెట్టెలకు ఇలాంటివి ఎన్ని వచ్చినా నాకు దిగులు లేదు. వస్తువు ప్రాణమే చిప్ చేతిలో ఉన్నప్పుడు మాత్రం అది బాగుచేసుకునేలా ఉండి తీరాలి.

ఫ్యాన్ కొనేటప్పుడు స్టార్ గుర్తు ఒక్కటే చూడకండి, అది 2023 జనవరి నుంచి ఎలాగూ తప్పనిసరి. బోర్డు విడిగా దొరుకుతుందా, ఎన్నేళ్లు ఇస్తారు అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఉరుములప్పుడు స్విచ్ ఆపేయండి. జిగురు పోయని బోర్డయితే పారేయకుండా తెలిసినవాళ్లకు చూపించండి. నా దగ్గరికొచ్చే వాటిలో చాలావరకు పోయేది ఫ్యూజో, వోల్టేజి ఒక్కసారిగా ఎగిసినప్పుడు బోర్డును కాపాడే వేరిస్టరో, ఒక కండెన్సరో. కొన్ని రూపాయల పార్టు, అరగంట పని.