బానిసత్వం పోయాక మిగిలిన లెక్కలు

అమెరికాలో నల్లజాతి ప్రజల స్థితిగతుల గురించి ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ప్రశ్నలు వేరైనా ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి కనుక వరుసగా చదవమని మనవి.

ప్రశ్న: మా ప్రాంతంలో మా తాతల కాలం దాకా వెట్టి ఉండేది. అది పోయి డెబ్బై ఏళ్లు దాటింది, ఇప్పుడు దాని గురించి ఎవరూ మాట్లాడరు. అమెరికాలో బానిసత్వం 1865లోనే రద్దయింది. ఇవాళ్టి జాతివివక్షకు అంత పాత సంగతిని కారణంగా చూపడం సబబేనా?
– విశ్రాంత ఉపాధ్యాయులు, మిర్యాలగూడ

సమాధానం: మీరు వెట్టిని ప్రస్తావించారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. వెట్టి నుంచి బయటపడిన కుటుంబం నిలదొక్కుకున్నదా లేదా అన్నది దానికి సెంటు భూమైనా దక్కిందా లేదా అన్నదాని మీద ఎంతగా ఆధారపడిందో మీరు కళ్లారా చూసే ఉంటారు. అమెరికాలో విముక్తులైన వారు మొదట అడిగిందీ భూమినే. 1865 జనవరిలో, అంతర్యుద్ధం ముగింపు దశలో, ఉత్తరాది సేనాని షెర్మన్ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం సౌత్ కరోలినా, జార్జియా, ఫ్లోరిడా తీరప్రాంతాలలో యజమానులు విడిచిపోయిన భూములను కుటుంబానికి నలభై ఎకరాలకు మించకుండా పంచారు. దాదాపు 40,000 మంది ఆ భూముల్లోకి దిగి సాగు చేసుకోసాగారు. ఏప్రిల్‌లో లింకన్ హత్య జరిగింది. ఆయన తరువాత అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ కొద్ది నెలలకే పాత యజమానులకు క్షమాభిక్ష పెట్టి, ఆ భూములను తిరిగి వారికే ఇప్పించడం మొదలుపెట్టాడు. 1948 సెప్టెంబరు తరువాత, ఊళ్లు విడిచి వెళ్లిన దొరలు సైన్యం వెనకాలే తిరిగి వచ్చిన వైనం మీ జిల్లావారికి నేను చెప్పనక్కరలేదు.

పరిహారం అసలు ఇవ్వలేదని అనుకోకండి. 1862లో రాజధాని వాషింగ్టన్‌లో బానిసలను విడిపించినప్పుడు మనిషికి 300 డాలర్ల దాకా ప్రభుత్వం చెల్లించింది. ఆ డబ్బు అందుకున్నది యజమానులు. బ్రిటన్ తన 1833 చట్టం కింద ఇచ్చిన 2 కోట్ల పౌండ్లు కూడా యజమానులకే చేరాయి. అందుకోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. అంటే విడుదలైన బానిసల మునిమనవలు కూడా తమ పన్నులతో ఆ బాకీలో తమ వంతు తీర్చారన్నమాట.

ఇక చట్టం సంగతి. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణలోనే ‘నేరానికి శిక్షగా తప్ప’ అనే మినహాయింపు ఉంది. దక్షిణాది రాష్ట్రాలు దాన్ని వెంటనే పట్టుకున్నాయి. ఏ యజమాని దగ్గరా పనికి కుదరని నల్లవాడిని దేశదిమ్మరి అని శిక్షించారు, జరిమానా కట్టలేకపోతే గనులకూ తోటలకూ రైలుమార్గాల పనులకూ అద్దెకిచ్చారు. కొనుక్కున్న బానిస చనిపోతే యజమానికి నష్టం. అద్దెకు వచ్చిన ఖైదీ చనిపోతే ఇంకొకడు వస్తాడు. అలబామాలో ఈ పద్ధతి 1928 దాకా సాగింది. ఆ మినహాయింపు వాక్యం నేటికీ అమెరికా రాజ్యాంగంలో చెక్కుచెదరకుండా ఉంది.

ప్రశ్న: అమెరికాలో మొత్తం మీద తక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థి కూడా అధ్యక్షుడు కాగలడు. ఈ వింతకు మూలం బానిసత్వంలో ఉందని మా అధ్యాపకులు చెప్పారు. వివరిస్తారా?
– డిగ్రీ విద్యార్థిని, విజయవాడ

సమాధానం: మీ అధ్యాపకులు చెప్పినది నిజమే, అయితే అదొక్కటే కారణం కాదు. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినవారికి చిన్న రాష్ట్రాల భయాలు, సామాన్య ఓటరు మీద అపనమ్మకం వంటి చిక్కులు చాలా ఉన్నాయి. కానీ జులై 19న వర్జీనియా ప్రతినిధి మాడిసన్ దాపరికం లేకుండా ఒక మాట చెప్పాడు: అధ్యక్షుణ్ని ప్రజలే నేరుగా ఎన్నుకోవడం మేలైన పద్ధతే గాని, దక్షిణాది జనాభాలో పెద్ద భాగం ఓటులేని నల్లవారు కనుక ఆ పద్ధతిలో దక్షిణాదికి పలుకుబడి ఉండదు. దీనికి దొరికిన పరిష్కారం ఎలక్టోరల్ కాలేజీ, అంటే ప్రజలు నేరుగా కాక రాష్ట్రాల వారీగా ఎంపికైన ఎలక్టర్లు అధ్యక్షుణ్ని ఎన్నుకునే పద్ధతి. ప్రతినిధుల సభలో ఒక రాష్ట్రానికి ఎన్ని స్థానాలుంటే ఎలక్టోరల్ ఓట్లు ఆ మేరకు పెరుగుతాయి. ఆ స్థానాలు లెక్కకట్టేటప్పుడు బానిసల సంఖ్యలో ఐదింట మూడు వంతులను జనాభాలో కలిపారు. మనిషికి ఓటు లేదు, కానీ అతని తల లెక్క అతని యజమాని ఓటుకు బరువు పెంచింది. తొలి 36 ఏళ్లలో 32 ఏళ్ల పాటు అధ్యక్ష పదవిలో ఉన్నవారందరూ వర్జీనియాకు చెందిన బానిస యజమానులే.

అంతర్యుద్ధం తరువాత జరిగినదాన్ని చాలామంది గమనించరు. బానిసత్వం పోయింది కనుక ప్రతి నల్లవ్యక్తినీ పూర్తి మనిషిగానే లెక్కించారు, దాంతో దక్షిణాది స్థానాలు తగ్గడానికి బదులు పెరిగాయి. 1870 నాటి 15వ సవరణ జాతి కారణంగా ఓటు నిరాకరించరాదన్నది. అందుకని మిసిసిపి 1890లో జాతి అన్న మాటే ఎత్తకుండా కొత్త రాజ్యాంగం రాసుకున్నది. ఓటు వేయాలంటే 2 డాలర్ల పన్ను కట్టాలి, రాజ్యాంగంలోని ఏదో ఒక భాగాన్ని చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. చెప్పిన అర్థం సరైనదా కాదా అని తేల్చేది తెల్ల గుమస్తా. మిగిలిన దక్షిణాది రాష్ట్రాలూ ఆ దారినే పట్టాయి. 1964లో మిసిసిపిలో ఓటర్లుగా నమోదైన నల్లవారు 7 శాతానికి లోపే. 1965 ఆగస్టులో ఓటుహక్కుల చట్టం వచ్చాక మూడేళ్లు తిరగకముందే అది 60 శాతానికి చేరువైంది. ఓటు మీద వారికి ఆసక్తి లేదని అప్పటిదాకా చెప్పినవారు ఈ అంకెకు ఏమి జవాబిచ్చి ఉంటారో!

ఆ చట్టానికి ఆయువుపట్టు, వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నిబంధనలు మార్చే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్న షరతు. అది ఏయే రాష్ట్రాలకు వర్తిస్తుందో నిర్ణయించే సూత్రం పాతబడిందంటూ 2013 జూన్‌లో సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో ఆ సూత్రాన్ని కొట్టివేసింది, దాంతో షరతు అమలు ఆగిపోయింది. కొన్ని గంటలలోనే టెక్సాస్ తన ఓటరు గుర్తింపు చట్టాన్ని అమలు చేస్తామని ప్రకటించింది. ఆ చట్టం కింద తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, విశ్వవిద్యాలయం ఇచ్చిన విద్యార్థి కార్డు చెల్లదు. తరువాత కోర్టులు కొంత సడలింపు ఇప్పించాయి. ఫ్లోరిడాలో శిక్ష ముగించుకున్నవారికి ఓటు తిరిగి ఇవ్వాలని 2018లో ప్రజలే తీర్పిచ్చారు. మరుసటి ఏడు శాసనసభ, కోర్టు జరిమానాలూ రుసుములూ అన్నీ కట్టాకే ఓటు అన్నది. 1890 నాటి 2 డాలర్ల పన్ను నాకు వెంటనే గుర్తుకు వచ్చింది.

ప్రశ్న: మా అబ్బాయి పదిహేనేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాడు. “మేము ఖాళీ చేతులతో వచ్చి ఇల్లు కొనుక్కున్నాము, ఇక్కడే పుట్టిన నల్లవాళ్లు ఎందుకు పైకి రారు?” అంటాడు. నాకు జవాబు తోచలేదు.
– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి కష్టాన్ని తక్కువ చేయను. కానీ చేతిలో డిగ్రీ పట్టుకుని విమానం ఎక్కినవారిని ఖాళీ చేతులతో వెళ్లినవారని అనలేము. ఆ వీసాకు వెనుక ఉన్న కథ కూడా ఆయన తెలుసుకోవాలి. 1790 చట్టం ప్రకారం వలస వచ్చిన ‘స్వేచ్ఛాయుతులైన తెల్లవారు’ మాత్రమే పౌరులు కాగలరు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, తాను అగ్రకులపు ఆర్యుణ్ని కనుక తెల్లవాణ్నేనని సుప్రీంకోర్టులో వాదించి ఓడిపోయారు. కులాన్ని చూపి తెల్లవారి వరుసలో కూర్చోబోతే అక్కడివారు లేపేశారు. 1946లో తలుపు కాస్త తెరుచుకున్నా, భారతీయులకు కేటాయించినది ఏడాదికి 100 చోట్లే. ఆ కోటాలను తీసేసిన వలస చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1965 అక్టోబరు 3న సంతకం చేశారు. ఓటుహక్కుల చట్టం మీద సంతకం చేసి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. జాతిని బట్టి మనుషులను వేరు చేయరాదని నల్లవారు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి నెగ్గించుకున్న వాదన వలస చట్టాన్ని కూడా కదిలించింది. డాలస్‌లో నేడున్న తెలుగు కాలనీలన్నీ ఆ తరువాత వచ్చినవే.

ఇల్లు సంగతీ చెప్పాలి. 1930లలో ఒక ప్రభుత్వ సంస్థ నగరాల పటాలు గీయించి, నల్లవారు నివసించే పేటలకు, అక్కడ అప్పులివ్వడం ప్రమాదమన్న గుర్తుగా, ఎర్ర రంగు పూయించింది. కేంద్ర గృహనిర్మాణ శాఖ కూడా అటువంటి పేటలలో ఇళ్ల రుణాలకు బీమా ఇవ్వలేదు. రెండో ప్రపంచయుద్ధం తరువాత తెల్ల కుటుంబాలు తక్కువ వడ్డీకి కొత్త ఇళ్లు కొని, వాటి విలువ పెరిగాక పిల్లలను కాలేజీకి పంపిన కాలంలో నల్ల కుటుంబాలు అద్దెలు కట్టాయి. ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించిన చట్టం 1968లో గాని రాలేదు. అమ్మకపు ధరలు అప్పటికి పెరిగిపోయాయి.

ప్రశ్న: తెలుగులో ‘నీగ్రో’ అని రాయవచ్చా? మా పాత పాఠ్యపుస్తకాలలో ఆ మాటే ఉండేది.
– పాత్రికేయ విద్యార్థి, విశాఖపట్నం

సమాధానం: ఇప్పుడు రాయకూడదు. 1963లో మార్టిన్ లూథర్ కింగ్ తన ప్రసంగాలలో ఆ మాటనే వాడారు, అప్పటికి అది మర్యాదైన మాటే. ఆ దశాబ్దం చివరికి యువతరం దాన్ని యజమానులు పెట్టిన పేరుగా తోసిపుచ్చి ‘బ్లాక్’ అన్నది. 1980ల చివర నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ వంటివారి వల్ల ‘ఆఫ్రికన్ అమెరికన్’ వ్యాప్తిలోకి వచ్చింది. ప్రభుత్వం మాత్రం 2010 జనగణన పత్రంలోనూ ‘నీగ్రో’ను ఉంచింది, కేంద్ర చట్టాలలో మిగిలిపోయిన ఆ మాటను 2016లో గాని తొలగించలేదు. తెలుగులో ‘నల్లజాతి ప్రజలు’, ‘ఆఫ్రికన్ అమెరికన్లు’ రెండూ నిరభ్యంతరంగా వాడవచ్చు. 2020 జూన్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ‘బ్లాక్’ అనే మాటను పెద్ద అక్షరంతో మొదలుపెట్టాలని నిర్ణయించింది గాని, మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కనుక ఆ ఒక్క చర్చ నుంచి మీకు మినహాయింపు.