గుండ్రటి ముఖం, ఉంగరాల జుట్టు ఉన్నవాళ్ళకి బాబ్ కట్ నప్పుతుందా?

ముఖం గుండ్రం, జుట్టు ఉంగరాలు, నడుం దాకా ఉన్న జడ తీసేసి దవడ దగ్గరికి బాబ్ చేయించుకుంటే నప్పుతుందా, రోజూ సెట్ చేసుకోవడం ఎంత కష్టం అని అడిగారు. ముందు ముఖం సంగతి మర్చిపోండి. గుండ్రటి ముఖానికి ఇది, కోల ముఖానికి అది అని బొమ్మలు గీసి చెప్పే పటాలు చూసి బాగుపడ్డవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. అద్దం ముందు నిలబడి నాది గుండ్రమా, చతురస్రమా అని దవడ కొలుచుకోవడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు. బాబ్ బాగా కుదరడం, కుదరకపోవడం మెడ వెనక తేలుతుంది. అక్కడ మీ జుట్టు ఎటు తిరిగి మొలుస్తోందో ఎప్పుడైనా చూసుకున్నారా? జడ ఉన్నన్నాళ్ళూ ఎవరూ చూసుకోరు.

మాది విశాఖపట్నం. నాదీ ఒత్తైన ఉంగరాల జుట్టే. పొద్దున్న తలస్నానం చేస్తే సాయంత్రానికి కూడా లోపల తడి ఆరేది కాదు. దాన్నే ముడేసుకుని, హెల్మెట్ పెట్టుకుని ఆఫీసుకి వెళ్తే మాడంతా దురద. ఇక చాలనుకుని మా వీధిలో ఉన్న పార్లర్‌కి వెళ్ళాను. బాబ్ అనగానే అక్కడావిడ దువ్వెన పక్కన పెట్టి, "మీ ఆయనకి చెప్పారా?" అంది. ఇంటి లోను వాయిదాలు కట్టే మనిషిని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా అది? మా ఆయన క్రాఫు చేయించుకోవడానికి వెళ్తే "మీ ఆవిడకి చెప్పారా సార్" అని ఏ సెలూన్‌లోనూ అడగరు కదా. పోనీ ఆవిడ దగ్గర ఇంకో ఉపాయం ఉందా అంటే, యూ కట్ చేస్తాను, స్టెప్స్ వేస్తాను, కాకపోతే స్ట్రెయిట్‌నింగ్ చేయించుకోండి, ఇప్పుడు ఆఫర్ ఉంది అంది. ఏ జుట్టుతో వెళ్ళినా వీళ్ళ మందు ఒకటే, స్ట్రెయిట్‌నింగ్. నమస్కారం పెట్టి వచ్చేశాను.

తర్వాత ఒక కొలీగ్ చెబితే ద్వారకానగర్ వైపు ఒక సెలూన్‌కి ఫోన్ చేశాను. అక్కడ కటింగ్ చేసేది ఒక నడివయసు ఆయన. తలకి నూనె పెట్టుకోకుండా, ఐరన్ చేయకుండా, మీ జుట్టు మామూలుగా ఎలా ఉంటుందో అలాగే రమ్మన్నాడు. వెళ్ళాక కూడా చాలాసేపు కత్తెర ముట్టుకోలేదు. పాపిట ఎటు తీస్తారు, హెల్మెట్ పెట్టుకుంటారా, రాత్రి జుట్టు ముడేసుకుని పడుకుంటారా, ఇంట్లో వాడేది బోరు నీళ్ళా అని ఒకటే ప్రశ్నలు. తర్వాత జడ విప్పి, తల ముందుకి వంచమని, మెడ మీద జుట్టు పాయలు పాయలుగా విడదీసి చూశాడు. చూసి, "మేడమ్, మీకిక్కడ ఇంకో సుడి ఉంది" అన్నాడు.

పక్క కుర్చీలో తలకి రంగు వేయించుకుంటున్న ఒక పెద్దావిడ వెంటనే అందుకుంది. "రెండు సుడులా? రెండు పెళ్ళిళ్ళంటారమ్మా!" ఒక్కదానితోనే వేగలేకపోతున్నానండీ అన్నాను. రంగు కారుతున్నా పట్టించుకోకుండా నవ్వింది.

ఆయన వెనక ఒక అద్దం పట్టుకుని చూపించాడు. మెడకి ఎడమవైపున వెంట్రుకలు కిందికి కాకుండా పైకి, చెవి వైపుకి తిరిగి మొలుస్తున్నాయి. అన్నేళ్ళుగా నా ఒంటి మీదే ఉన్నా నాకు తెలియదు. నేను ఫోన్‌లో దాచుకుని తీసుకెళ్ళిన ఫోటోలో వెనక బాగా పొట్టిగా, ముందుకి వచ్చేకొద్దీ పొడుగ్గా ఉండే ఏ లైన్ బాబ్ ఉంది. అది చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు. వెనక అంత పొట్టిగా తీస్తే ఈ సుడి దగ్గర జుట్టు నిక్కబొడుచుకుంటుందనీ, బరువు ఉంటేనే అణిగి ఉంటుందనీ చెప్పాడు. అందుకే వెనక మెడ మొదలు కప్పేలా వదిలి, ముందు చుబుకం కిందికి వచ్చేలా చేద్దామన్నాడు. సరేనన్నాను.

మెడ దగ్గర రబ్బరు బ్యాండు బిగించి, జడ కోసి నా చేతిలో పెట్టాడు. పెద్దావిడ ఊరుకుంటుందా? "అయ్యో, ఎంత జుట్టమ్మా! తిరుపతి మొక్కా? మొక్కయితే మూడు కత్తెర్లు ఇస్తే సరిపోయేదిగా!" అంది. మొక్కు కాదండీ, ఉక్కపోత అన్నాను. ఆ తర్వాతే అసలు పని మొదలైంది. తల కడిగి, దువ్వకుండా ఆరబెట్టి, ఏ వంపు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ ఒక్కో పాయా పొడి మీదే కత్తిరించాడు. మధ్యమధ్యలో తల విదిలించమనేవాడు. విదిలించగానే ఏ పాయ బయటికి పొడుచుకొస్తే దాని పని పట్టేవాడు. చాలాసేపు పట్టింది. ఆవిడ రంగు ఆరి, తల కడిగించుకుని వెళ్ళిపోయింది కూడా.

పొడి మీద కత్తిరించడం ఎందుకు ముఖ్యమో చెప్తాను. వెంట్రుక తడిస్తే సాగుతుంది. లోపలున్న హైడ్రోజన్ బంధాలు నీళ్ళకి విడిపోతాయి, ఆరేటప్పుడు మళ్ళీ కలుస్తాయి. అప్పుడు ఉంగరం చుట్టుకుని జుట్టు పైకి లేస్తుంది. సాఫీ జుట్టుకి ఈ తేడా పెద్దగా తెలియదు. మనలాంటి వాళ్ళకి తడి మీద సాగదీసి దువ్వి, దవడ దగ్గర గీత గీసినట్టు కోస్తే, ఆరాక అది చెవి తమ్మె దగ్గర తేలుతుంది. మా పిన్ని కూతురికి సరిగ్గా ఇదే జరిగింది. కాలేజీకి చున్నీ కప్పుకుని వెళ్ళింది పాపం.

ఫోటోల గోల కూడా ఇక్కడే ఉంది. మనకి నచ్చే పదునైన బాబ్‌లన్నిటికీ పెద్దక్క అనదగ్గది 1963లో లండన్‌లో హెయిర్ స్టైలిస్ట్ విడాల్ ససూన్ నటి నాన్సీ క్వాన్‌కి చేసిన కటింగ్. పొడవాటి జుట్టు తీసేసి చేశాడు. చూస్తే మతిపోతుంది. కానీ ఆవిడది ఒత్తుగా, తిన్నగా జారే జుట్టు. అందుకే అలా పడింది. ఆ ఫోటో పట్టుకెళ్ళి ఉంగరాల జుట్టుకి అదే కావాలంటే రోజూ ఐరన్ చేసుకోవాల్సిందే. ఫోటో చూపించాల్సి వస్తే ఉంగరాల జుట్టున్న మనిషిదే చూపించండి. ముఖం ఎలా ఉన్నా ఫరవాలేదు.

ఇక రోజూ కష్టమా అంటే, జడకన్నా సమయం తక్కువే. కాకపోతే తప్పించుకోలేం. జడైతే రాత్రి వేసుకున్నదాంతోనే పొద్దున్న లాగించేయొచ్చు. బాబ్ పడుకుని లేచేసరికి ఒకవైపు అణిగి, ఒకవైపు లేచి ఉంటుంది. నేను తల మొత్తం తడపను. స్ప్రే బాటిల్‌తో మెడ దగ్గర, లేచిన పాయల దగ్గర కుదుళ్ళు తడిసేలా కొట్టి, కొంచెం జెల్ చేతులకి రాసుకుని కిందినుంచి పైకి నలుపుతాను. తలస్నానం చేసిన రోజు డ్రయ్యర్ మెడ దగ్గరే మొదలుపెడతాను. సుడి ఉన్నచోట వేళ్ళతో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి తోస్తూ ఆరబెడితే కుదుళ్ళు మాట వింటాయి. మిగతాదానికి డ్రయ్యర్ మూతికి డిఫ్యూజర్ (గాలి ఒక్కచోటే కొట్టకుండా చెదరగొట్టే చిల్లుల గిన్నె లాంటిది) పెట్టి, వేడి తగ్గించి, దువ్వెన తగలకుండా వదిలేయాలి. ఐరన్ వాడాల్సివస్తే వేడికి ముందు రాసే సీరం రాసుకోండి, 180 డిగ్రీలు దాటనివ్వకండి. మా ఊళ్ళో అయితే ఐరన్ దండగ. బీచ్ రోడ్డు మీద కాసేపు నడిస్తే చాలు, గాలిలో తేమకి ఇందాక చెప్పిన బంధాలే మళ్ళీ విడిపోయి ఎక్కడి ఉంగరాలు అక్కడికి వచ్చేస్తాయి. కొబ్బరినూనె మానక్కర్లేదు, అది వెంట్రుకలోకి ఇంకి మేలే చేస్తుంది. కానీ తలస్నానానికి ముందు పెట్టుకోండి. స్నానం అయ్యాక రాస్తే పొట్టి జుట్టు మాడుకి అంటుకుపోతుంది.

ఖర్చు గురించి ఎవరూ ముందు చెప్పరు. జుట్టు నెలకి ఒక సెంటీమీటరు పైనే పెరుగుతుంది. నడుం దాకా ఉన్న జడకి అది లెక్కలోకే రాదు, బాబ్‌కి మాత్రం రెండు నెలలయ్యేసరికి ఆకారం చెడుతుంది. మళ్ళీ వెళ్ళాలి. మెడ దగ్గర నాలుగు వెంట్రుకలు సరిచేయడానికి కూడా "లేడీస్ హెయిర్‌కట్" రేటు పూర్తిగా తీసుకుంటారు. పక్క కుర్చీలో అంతే జుట్టున్న మగాయన అందులో సగం కూడా ఇవ్వడు. అడిగితే "ఆడవాళ్ళ జుట్టుకి పని ఎక్కువ మేడమ్" అంటారు. ఉన్నదే నాలుగు వెంట్రుకలైతే ఎక్కువ పనేమిటో! అందుకే ముందే మాట్లాడుకోండి. నేను వెళ్ళే ఆయన మెడ ట్రిమ్‌కి వేరే తక్కువ రేటు పెట్టాడు.

జనం మాటలకి కూడా సిద్ధంగా ఉండండి. మా పెదనాన్న "ఇందిరాగాంధీ కటింగా?" అని ఊరుకున్నాడు, ఆయన నయం. ఆఫీసులో ఇద్దరు పక్కకి పిలిచి ఒంట్లో ఎలా ఉందని జాలిగా అడిగారు.

చివర్లో మాఘమాసంలో చెల్లి పెళ్ళి ఉందని రాశారు. అసలు అది ముందు రాయాల్సిన మాట. దవడ దాకా ఉన్న జుట్టుకి సవరం పెట్టడం చాలా ఇబ్బంది. రబ్బరు బ్యాండులో గట్టిగా పట్టేంత జుట్టు వెనక ఉండాలి, లేకపోతే పూలజడ బరువుకి సవరం జారిపోతుంది. పిన్నులు గుచ్చి గుచ్చి తలనొప్పి తెప్పిస్తారు. పూలజడ కావాలనుకుంటే పెళ్ళయ్యాక కటింగ్‌కి వెళ్ళండి. అక్కర్లేదు, చెవులకి పెద్ద బుట్టలు పెట్టుకుని బాబ్‌తోనే దిగుతానంటే పెళ్ళికి కనీసం ఒక నెల ముందు చేయించుకోండి. కొత్త కటింగ్ కుదురుకోవడానికి, మీ చేతికి అలవాటు కావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. పెళ్ళి హడావిడిలో చుట్టాల ముందు మొదటిసారి డ్రయ్యర్ పట్టుకోవద్దు. ఈలోగా ఎవరిచేతనైనా మీ మెడ వెనక ఫోటో తీయించుకుని సుడి ఉందో లేదో చూసుకోండి.