డోమ్‌తలా వీధి నాటకశాల: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 1795లో కలకత్తాలో ఒక రష్యన్ సంగీతకారుడు ఇంగ్లీషు హాస్యనాటకం ఒకదాన్ని బెంగాలీలో ప్రదర్శించాడని చదివాను. కంపెనీ పాలనలోని నగరంలో, ఇంగ్లీషువారి నాటకశాల ఉండగానే, ఇది ఎలా సాధ్యపడింది? తర్వాత ఎందుకు కొనసాగలేదు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చదివింది నిజమే. ఆ సంగీతకారుడు గెరాసిమ్ లెబెదెవ్. 1749లో రష్యాలోని యారొస్లావ్ల్‌లో పుట్టిన ఈయన వయొలిన్ విద్వాంసుడిగా యూరప్ తిరిగి, 1785లో మద్రాసులో దిగి, రెండేళ్లు అక్కడ గడిపి, 1787లో కలకత్తా చేరుకున్నారు. అక్కడ గోలోక్‌నాథ్ దాస్ అనే ఉపాధ్యాయుడి దగ్గర బెంగాలీ నేర్చుకుని, అందుకు బదులుగా ఆయనకు యూరోపియన్ సంగీతం నేర్పారు. ఈ గురుశిష్యుల స్నేహమే లేకపోతే ఆ నాటకం పుట్టేదే కాదు.

లెబెదెవ్ ఎంచుకున్నది రిచర్డ్ పాల్ జోడ్రెల్ రాసిన ‘ది డిస్‌గైజ్’ అనే మూడంకాల ప్రహసనం. ఇంగ్లీషు సాహిత్య చరిత్రలో దానికి చెప్పుకోదగ్గ స్థానమేమీ లేదు. షేక్‌స్పియర్‌ను వదిలి ఇలాంటి నాటకాన్ని ఎందుకు పట్టుకున్నారన్న సందేహం ఎవరికైనా వస్తుంది. దానికి సమాధానం 1801లో లండన్‌లో అచ్చయిన ఆయన వ్యాకరణ గ్రంథం పీఠికలోనే ఉంది. ఇక్కడి ప్రజలు గంభీరమైన ఉపదేశం కంటే అనుకరణనూ, వేళాకోళాన్నీ ఎక్కువ ఇష్టపడతారని గమనించినందువల్లే, చౌకీదార్లూ దొంగలూ గుమాస్తాలూ సందడి చేసే నాటకాన్ని ఎంచుకున్నానని ఆయన రాశారు. ఆ అభిప్రాయం కొంత తొందరపాటుగా కనిపించవచ్చు గాని, ప్రేక్షకుడికి ఏది నచ్చుతుందో ముందు ఆలోచించి ఆ తర్వాతే నాటకాన్ని వెతుక్కున్న ఆ పద్ధతి మాత్రం అసలైన రంగస్థల మనిషిది.

అనువాదం పూర్తయ్యాక ఆయన చేసిన పని నన్ను మరీ ఆకట్టుకుంటుంది. పండితులను పిలిపించి, రాతప్రతిని వారి చేత శ్రద్ధగా చదివించి, ఏ వాక్యాలు వారిని సంతోషపెడుతున్నాయో, ఏవి వారిని కదిలిస్తున్నాయో పక్కనే కూర్చుని గమనించారు. మూలంలోని స్పెయిన్ నగరాలు మాడ్రిడ్, సెవిల్‌ల స్థానంలో కలకత్తా, లక్నో వచ్చాయి. పాత్రలకు వంగదేశపు పేర్లు పెట్టారు. రాతప్రతిలో బెంగాలీతోపాటు హిందుస్థానీ, ఇంగ్లీషు సంభాషణలూ కనిపిస్తాయి. అప్పటి కలకత్తా వీధిలో చెవిన పడే భాషలూ అవే కదా. అందుకే దీన్ని అనువాదం అనడం కంటే అనుసరణ అనడం న్యాయం.

పండితులు మెచ్చుకున్నాక, ఈ నాటకాన్ని బహిరంగంగా ప్రదర్శించే పక్షంలో స్థానికుల నుంచి నటులనూ నటీమణులనూ సమకూర్చే పూచీ తనదని గోలోక్‌నాథ్ దాస్ ముందుకు వచ్చారు. లెబెదెవ్ వెంటనే గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్‌కు దరఖాస్తు పెట్టుకోగా అనుమతి తేలికగానే దొరికింది. నగరం నడిబొడ్డున డోమ్‌తలా వీధిలో సొంత నమూనా ప్రకారం నాటకశాల కట్టించడం, ఈలోగా దాస్ నటులను వెతికి తీసుకురావడం, అంతా మూడు నెలల్లో పూర్తయింది. 1795 నవంబరు 27న మొదటి ప్రదర్శన, 1796 మార్చి 21న రెండోది జరిగాయి. కందుకూరి వీరేశలింగం ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా తెలుగు చేయడం దీనికి ఎనిమిది దశాబ్దాల తర్వాతి మాట.

ప్రకటన ఇంగ్లీషులోనే వెలువడింది. నాటకశాలను బెంగాలీ పద్ధతిలో అలంకరించామనీ, స్త్రీ పురుషులిద్దరూ నటిస్తారనీ, బెంగాలీలు ఆదరించే వాద్యాలకు యూరోపియన్ వాద్యాలను జోడించి గాత్రంతో ఆరంభిస్తామనీ, కవి భారతచంద్ర రాయ్ పదాలకు బాణీలు కట్టామనీ, అంకాల మధ్య వినోద ప్రదర్శనలు కూడా ఉంటాయనీ అందులో ఉంది. నిజానికి ఇది ఇంగ్లీషు ప్రహసనానికి స్థానిక సంగీతంతో కట్టిన కొత్త ఒరవడి. ఇంగ్లీషు నాటకంలో పాటకు అంత చోటు ఉండదు. పాట లేని నాటకాన్ని మన ప్రేక్షకుడు ఒప్పుకోడు. లెబెదెవ్ సంగీతకారుడు కావడం ఇక్కడ పనికొచ్చింది.

ఇక ఎందుకు కొనసాగలేదన్నది. 1775 నుంచి నడుస్తున్న ఇంగ్లీషువారి కలకత్తా థియేటర్‌కు చెందినవారు తనను దెబ్బతీశారని లెబెదెవ్ గట్టిగా ఆరోపించారు. అప్పుల పాలై, వ్యాజ్యాల్లో చిక్కుకుని, 1797లో ఆయన కలకత్తా వదిలి వెళ్లిపోయారు. అయితే పోటీదారుల మీదే నెపమంతా వేయడం నాకు సరిపోయినట్టు అనిపించదు. మొదటి ప్రదర్శనకు బాక్సు, పిట్ సీటు 8 రూపాయలు, గ్యాలరీ 4 రూపాయలు. రెండోదానికి చందాదారులను 200 మందికి పరిమితం చేసి, టికెట్టు ఒక బంగారు మొహరుగా నిర్ణయించారు. ఒక మొహరు అంటే 16 రూపాయలు. ఏ చౌకీదార్లు, ఏ గుమాస్తాలు రంగం మీద పాత్రలుగా కనిపించారో వారిలో ఒక్కరైనా ఆ ధర పెట్టి లోపలికి రాగలిగేవారు కారు. నాటకం స్థానికుల భాషలో ఉంది, ఆదాయం మాత్రం యూరోపియన్లూ ధనవంతులూ ఇచ్చే సొమ్ము మీద ఆధారపడింది. వారి ఆసక్తి మరోవైపు మళ్లిన రోజున ఆ నాటకశాలను నిలబెట్టడానికి ఎవరూ మిగలలేదు.

ప్రశ్న: ఆ నాటకంలో బెంగాలీ స్త్రీలు నటించారన్నది నమ్మదగినదేనా? అలాగైతే భారతీయ రంగస్థలం మీద నటీమణులు 1795 నుంచే ఉన్నారని చెప్పవచ్చా?
– ఒక నాటక కళాకారుడు, తెనాలి

జవాబు: నమ్మదగినదే. స్త్రీ పురుషులిద్దరూ నటిస్తారని ప్రకటనలోనే ఉండగా, లెబెదెవ్ తన పీఠికలోనూ ఆ మాటే రాశారు. పది మంది నటులు, ముగ్గురు నటీమణులు పాల్గొన్నారన్నది చరిత్రకారులు చెప్పే లెక్క. ఆ ముగ్గురి పేర్లు పీఠికలో లేవు. నాటకశాలకు లెబెదెవ్ పేరు మిగిలింది, దాస్ పేరు ఆయన రాతల వల్ల నిలిచింది, రంగం మీద నిలబడి తొలిసారి బెంగాలీ సంభాషణ పలికిన స్త్రీలకు మాత్రం ఆ గుర్తింపు కూడా దక్కలేదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

అయితే ‘1795 నుంచే ఉన్నారు’ అనడం పొరపాటు అవుతుంది, ఎందుకంటే ఆ రెండు ప్రదర్శనల తర్వాత తెగిపోయిన దారం చాలాకాలం వరకు మళ్లీ అతకలేదు. 1831లో ప్రసన్నకుమార్ ఠాకూర్ నెలకొల్పిన హిందూ థియేటర్‌లో నాటకాలు ఆడింది ఇంగ్లీషులో. 1835లో శ్యాంబజార్‌లో నవీన్‌చంద్ర బసు ఇంట్లో ‘విద్యాసుందర్’ ఆడినప్పుడు నటీమణులు మళ్లీ కనిపించారు గాని అది ధనవంతుడి ఇంటి వేడుక. టికెట్టు కొన్న ప్రేక్షకుల ముందు క్రమం తప్పకుండా స్త్రీలు నటించడం 1873లో బెంగాల్ థియేటర్‌తో స్థిరపడింది. కాబట్టి డోమ్‌తలా ప్రయోగాన్ని మొదటిది అనవచ్చు గాని, తర్వాతి నాటకరంగానికి తల్లివేరు అనలేం. ఆ తర్వాతివారు ఎక్కువగా ఇంగ్లీషు నాటకశాలలనూ, సంస్కృత నాటకాలనూ, బెంగాల్ జానపద నాటక రూపమైన జాత్రా సంప్రదాయాన్నీ చూసి నేర్చుకున్నారు.

ప్రశ్న: ఆ నాటకశాల ఆనవాళ్లు ఇప్పుడేమైనా మిగిలి ఉన్నాయా? బెంగాలీ రాతప్రతి దొరుకుతుందా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: కట్టడం లేదు. ఆ ప్రాంతం ఇప్పటి కోల్‌కతాలోని ఎజ్రా వీధి. నాటకం రాతప్రతి మాత్రం లెబెదెవ్‌తోపాటు రష్యాకు చేరి అక్కడే భద్రంగా ఉండి, 20వ శతాబ్దంలో బెంగాల్‌లో ‘కాల్పనిక సంబదల్’ పేరుతో అచ్చయింది. నాటక విద్యార్థులు ఆ ప్రతిని జోడ్రెల్ మూలం పక్కన పెట్టుకుని దృశ్యం వెంబడి దృశ్యం పోల్చి చదివితే, ఏది తీసేశారో, ఏది చేర్చారో, పండితులు నవ్విన చోటు ఏదై ఉంటుందో మీరే గుర్తుపట్టవచ్చు.