గోడ ఆరేదాకా ఆగు

చిన్నీకి పెదనాన్న ఆశీస్సులు.

మన ఊరి కొత్త గుడిలో వేదిక వెనక గోడంతా బొమ్మ వెయ్యడానికి ఒప్పుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పన్నెండడుగుల ఎత్తట, సిలువకి ముందు శిష్యులతో చేసిన ప్రభువు రాత్రి భోజనమట, క్రిస్మస్‌కల్లా అయిపోవాలట. మొదటి రెండూ వింటుంటే ఛాతీ పొంగింది. మూడోది విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు, అందుకని రాస్తున్నాను.

గళ్ళు గీసి బొమ్మ పెంచడం, కావలసిన రంగంతా ఒకేసారి కొనుక్కోవడం, పనయ్యాక బ్రష్షులు కడుక్కోవడం నీకు కాలేజీలోనే నేర్పి ఉంటారు. కడగవని కూడా నాకు తెలుసు.

ముందు గోడ సంగతి చూడు. ప్లాస్టింగ్ దసరాకి గానీ అవదని మీ నాన్నే అన్నాడు. పచ్చి గోడ మీద లప్పం (అదే, పుట్టీ) పెట్టి, ప్రైమర్ కొట్టి, క్రిస్మస్ నాటికి పన్నెండుమంది శిష్యుల్ని కూర్చోబెడతావా?

ప్రభువు రాత్రి భోజనం అనగానే అందరి కళ్ళకీ కట్టేది ఇటలీ చిత్రకారుడు లియొనార్డో వేసిందే. మన ఇళ్ళలో సగం క్యాలెండర్లు దాని నకళ్ళే. ఇటలీలోని మిలాన్‌లో ఒక మఠంలో, సన్యాసులు అన్నం తినే గది గోడ మీద 1495 ప్రాంతంలో మొదలుపెట్టి మూడు నాలుగేళ్ళలో ముగించాడు. ఆ దేశంలో గోడబొమ్మలకి ఒక పద్ధతి ఉంది. ఆ రోజు వెయ్యగలిగినంత మేరకే తడి సున్నం పూసి, అది ఆరేలోపు రంగు వేసెయ్యాలి. రంగు సున్నంలోకి ఇంకి గోడలో భాగమైపోతుంది, వందల ఏళ్ళు నిలుస్తుంది. కానీ ఒకసారి వేశాక దిద్దుకోవడానికి ఉండదు. లియొనార్డో తీరు వేరు. ఒక్కోరోజు వచ్చి, బొమ్మ ముందు చేతులు కట్టుకు నిలబడి, ఏమీ వెయ్యకుండా వెళ్ళిపోయేవాడట. అలాంటివాడికి తడి సున్నం తొందర ఎలా కుదురుతుంది? అందుకని ఆరిన గోడ మీద పూతపూసి, దాని మీద నింపాదిగా వేసుకున్నాడు. ఆ గోడకేమో చెమ్మ. ఆయన బతికుండగానే, 1517లో చూసినవాళ్ళు బొమ్మ పాడవుతోందని రాసిపెట్టారు. ఇంకో తరం గడిచేసరికి మచ్చలు తప్ప ఏమీ కనబడటం లేదన్నారు. 1652లో ఆ సన్యాసులే గోడకి గుమ్మం కొట్టించారు, యేసు పాదాలున్నచోట సరిగ్గా! మిగిలినదాన్ని బాగుచెయ్యడానికి 1978 నుంచి 1999 దాకా పట్టింది.

విజయవాడలో పాత పుస్తకాల షాపులో కొన్న బొమ్మల పుస్తకంలో ఇది చదివినప్పుడు నేనింకా సినిమా బ్యానర్లు వేస్తున్నాను. నా బ్యానర్‌కి ఆయుష్షు నాలుగు వారాలు, ఆడకపోతే ఒకటే. అయినా ఆ మహానుభావుడి మీద కోపం వచ్చింది. ఆలోచించుకోవడానికి వ్యవధి కోరుకున్నాడు, బాగానే ఉంది. ఆ వ్యవధి మఠం పెద్దల దగ్గర అడగాలి గానీ గోడ దగ్గర అప్పు తీసుకుంటే అది వడ్డీతో వసూలు చేసుకుంది.

ఆయన సంగతి అలా ఉంచు. మన జిల్లాలోనే ఒక ఊళ్ళో (పేరు ఎందుకులే) ఇదే బొమ్మ పండక్కి అందాలని పచ్చి గోడ మీదే వేయించారు. వేసినవాడు మంచి పనివాడు, నా ఈడువాడే. ప్రతిష్ఠనాడు జనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మరుసటి వానలకి ఉప్పు పూసి, ప్రభువు ముఖం పొక్కులెత్తి రాలింది. ప్రభువుని పట్టిచ్చిన యూదా, చివరన ఉన్నవాడు, మాత్రం చెక్కుచెదరలేదు. ఇంకేముంది, సంఘంలో ఎవరో పాపం చేశారన్నారు. ఉపవాస ప్రార్థనలు పెట్టారు. పాతకక్ష ఉన్న రెండు కుటుంబాలు ఒకరి మీద ఒకరు వేలు చూపించుకున్నాయి. చివరికి తాపీమేస్త్రి వచ్చి, గోడ వెనక నీళ్ళ ట్యాంకు కారుతోందని చెప్పాడు. ఈలోపు ఆ పెయింటరు రెండు వారాలు గుడికి వెళ్ళలేదు, తన విశ్వాసంలోనే లోపముందేమోనని కుమిలిపోయాడు. నాకు భయమంతా అదే. రంగు రాలితే మళ్ళీ వెయ్యొచ్చు. నీ మనసు అలా రాలకూడదు.

కాబట్టి కొత్త సిమెంటు గోడని రెండు మూడు నెలలు ఆరనివ్వు. రాత్రి ఒక పాలిథీన్ కాగితం నాలుగువైపులా టేపుతో గోడకి అంటించు. తెల్లారి దాని లోపలివైపు చెమట పడితే నువ్వు ఇంటికి రా. క్రిస్మస్ దాటిపోతుందని పెద్దలు గొణిగితే మెదక్ గుడి గురించి చెప్పు. అది ప్రతిష్ఠ అయింది 1924 క్రిస్మస్‌కే. కానీ అందరూ మెడలు ఎత్తి చూసే ఆ మూడు రంగుటద్దాల కిటికీలు ఆ రోజు లేవు. యేసు ఆరోహణం కిటికీ 1927లో, జననం 1947లో, సిలువ 1958లో అమిరాయి. ముప్ఫై నాలుగేళ్ళు ఆగినందుకు మెదక్‌లో ఆరాధన ఏమీ ఆగిపోలేదు.

గుడిలో అసలు బొమ్మే వద్దని బైబిల్లో నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం తీసే పెద్దాయన ఒకరుంటారు, ఆయన్ని ఎదిరించకు. అదే పుస్తకంలో ముప్ఫై ఒకటో అధ్యాయం చదవమని వినయంగా అడుగు. దేవుడు బెసలేలు అనే పనివాణ్ణి పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపింది బంగారం, వెండి, ఇత్తడి పనులు చెయ్యడానికి, రాళ్ళు చెక్కడానికి, కొయ్యపనికి. ప్రసంగం చెప్పడానికని అక్కడ లేదు.

ప్రభువు ముఖం విషయంలో నువ్వే తేల్చుకో. క్యాలెండర్లో ఉన్నట్టే నీలికళ్ళు పెట్టమంటారు. గోవాకి చెందిన చిత్రకారుడు ఆంజెలో ద ఫోన్సెకా శాంతినికేతన్‌లో నేర్చుకుని మరియమ్మకి చీర కట్టాడు. సొంత ఊరి మతపెద్దలకే గిట్టక పుణెలో బతికాడు. ఇప్పుడు ఆయన్ని నెత్తిన పెట్టుకుంటున్నారు. నువ్వు కృష్ణా ఒడ్డు జాలరి ముఖాలు వేస్తే నాకు ఇష్టమే, కానీ స్కెచ్చి ముందే చూపించి సంతకం పెట్టించుకో. చందా ఎక్కువిచ్చిన వాళ్ళ ముఖం శిష్యుల్లో పెట్టమంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఇటలీలోనూ పెట్టించుకున్నారు, పాదువాలో వడ్డీవ్యాపారి కొడుకు తన ముఖం ఏకంగా అంతిమ తీర్పు బొమ్మలోనే వేయించుకున్నాడు. అక్కడ వేసింది జొత్తో అంతటి చిత్రకారుడు కాబట్టి చెల్లింది.

ఇక పరంజా. నువ్వు నవ్వుతావు, నవ్వుకో. మా బ్యాచ్‌లో ఒకడు హోర్డింగ్ మీద నుంచి పడి మళ్ళీ లేవలేదు. సర్వి బాదులు పచ్చివి తేవద్దను, తాడు కొత్తది కొనమను. చున్నీ వేసుకుని ఎక్కకు. రాత్రి ఫోకస్ లైటు పెట్టుకుని పని చెయ్యొద్దు, ఎవరు అడిగినా సరే, పాస్టరయ్యగారు అడిగినా సరే. బొమ్మని కాస్త వెనక్కి జరిగి చూసుకోవాలనిపిస్తే దిగి చూసుకో, పైన నిలబడి వెనక్కి అడుగు వెయ్యకు. పడినవాడు అలాగే పడ్డాడు.

డబ్బు దగ్గర మొహమాటపడతావని మీ నాన్నకి చెప్పాను. "దేవుడి పని కదమ్మా" అంటారు. మేస్త్రికి, కరెంటువాడికి, మైకుసెట్టుకి ఇచ్చేదీ దేవుడి పనికే కదా అని అడుగు. మూడోవంతు ముందు తీసుకో. కానుక ఇవ్వాలనిపిస్తే డబ్బు నీ చేతికి వచ్చాక, నీ చేత్తో ఇవ్వు. ఎస్టిమేటు రాసి వాళ్ళకి ఇవ్వకముందు నాకు పంపు. పుట్టీ, ప్రైమరు ఎప్పుడూ తక్కువే వేస్తావు.

మీ పెదనాన్న