పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: ‘ట్విలైట్’ మీద ప్రేమ, కోపం

స్టెఫనీ మేయర్ రాసిన ‘ట్విలైట్’ నవల మీద గత సంచికలో మేము వేసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. కథ తెలియనివారి కోసం ముందుగా రెండు మాటలు. పదిహేడేళ్ళ బెల్లా స్వాన్ తండ్రి దగ్గర ఉండటానికి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోర్క్స్ అనే వానల ఊరికి వస్తుంది. అక్కడ తరగతిలో తన పక్కన కూర్చునే ఎడ్వర్డ్ కల్లెన్‌ను ప్రేమిస్తుంది. అతడు 1918లో, పదిహేడేళ్ళ వయసు దగ్గరే ఆగిపోయిన రక్తపిశాచి. మనిషి రక్తం ముట్టకూడదని నియమం పెట్టుకున్న కుటుంబంలోవాడు. 2005 అక్టోబరులో వెలువడిన ఆ నవలకు 2008లోగా మరో మూడు భాగాలు వచ్చాయి. ఉత్తరాలలో ఆరింటికి ఇక్కడ జవాబిస్తున్నాము.

ఏలూరు నుంచి ఒక తల్లి: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఈ నవలను ఇప్పటికి మూడుసార్లు చదివింది. అర్ధరాత్రి కిటికీలోంచి గదిలోకి వచ్చి, నిద్రపోతున్న అమ్మాయిని చూస్తూ కూర్చునే అబ్బాయి ఆదర్శ ప్రేమికుడెలా అవుతాడు? పుస్తకం తీసి దాచెయ్యమంటారా?

అమ్మా, మీ భయం న్యాయమైనదే. ఆ సన్నివేశం చదువుతుంటే మాకూ ఇబ్బందిగానే అనిపించింది. బెల్లాకు తెలియకుండా, ఆమె అనుమతి లేకుండా అతడు రాత్రుళ్ళు వస్తున్నాడు. తరువాత ఆ సంగతి తెలిసినప్పుడు ఆమె కోపగించుకోదు, నిద్రలో తాను ఏం మాట్లాడానో అని మాత్రం సిగ్గుపడుతుంది. అలా వచ్చే అబ్బాయి మన వీధిలో ఉంటే ఏం చెయ్యాలో మీకూ తెలుసు, మాకూ తెలుసు.

అయితే ఇదే కథను ఎడ్వర్డ్ నోట చెప్పించిన ‘మిడ్‌నైట్ సన్’ 2020లో వచ్చింది. అందులో ఆ మొదటి రాత్రి కిటికీ తలుపు కిర్రుమంటుంది. ఈసారి వచ్చేటప్పుడు కాస్త నూనె తెచ్చుకోవాలని అనుకుంటాడు, వెంటనే ‘ఈసారా?’ అని తనలో తానే ఉలిక్కిపడతాడు. చేస్తున్నది తప్పని అతడికి తెలుసు, తెలిసీ మానలేకపోతున్నాడు. తెలిసి చేసినంత మాత్రాన అది ఒప్పయిపోదు, కాని రచయిత్రికి ఆ తప్పు కనబడలేదని అనడానికి మాత్రం వీలు లేకుండా పోయింది.

మీ అమ్మాయిని ఆకట్టుకున్నది బహుశా ఆ కిటికీ కాదు. బెల్లా రక్తపు వాసన ఒక్కటే తనను ఊపిరాడనివ్వకుండా చేస్తున్నా, తన బలంతో ఆమెను క్షణంలో చంపగలిగి ఉండీ, చేతిని వెనక్కి తీసుకునే మనిషి ఆ వయసు పిల్లలకు చాలా కొత్తగా కనిపిస్తాడు. బలం ఉండీ ఆగగలిగేవాడిని ఇష్టపడటంలో తప్పేమీ లేదు. కనుక పుస్తకం దాచకండి. దాచితే నాలుగోసారి దొంగచాటుగా చదువుతుంది. ‘ఆ రాత్రి బెల్లాకు మెలకువ వచ్చి, వెళ్ళిపొమ్మని అంటే ఏమయ్యేది?’ అని అడిగి, తను చెప్పేది పూర్తిగా వినండి. మూడో భాగమైన ‘ఎక్లిప్స్’లో, బెల్లా తన స్నేహితుడు జేకబ్‌ను చూడటానికి వెళ్ళకుండా ఎడ్వర్డ్ ఆమె బండి ఇంజన్‌ను పనిచెయ్యకుండా చేస్తాడు. ఆ పేజీలు మీరూ చదవండి. అమ్మాయితో మాట్లాడటానికి కిటికీ కంటే ఆ బండి మంచి విషయమని మాకు తోస్తుంది, ఎందుకంటే కిటికీ దగ్గర పిశాచి అనే నెపం ఉంది, బండి దగ్గర అదీ లేదు. అది మామూలు మొగుళ్ళు, మామూలు అన్నదమ్ములు చేసే పనే.

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు: 2009లో ఇంజనీరింగ్ చదువుతుండగా హాస్టల్‌లో నలుగురం కలిసి ఈ పుస్తకాలు చదివాం, ఏడ్చాం. మొన్న మళ్ళీ చదివితే విసుగొచ్చింది. అప్పటి నా అభిరుచి అంత తక్కువదా?

అలా అనుకోకండి. రెండో భాగం ‘న్యూ మూన్’లో ఎడ్వర్డ్ వదిలి వెళ్ళిపోయాక వచ్చే పేజీలు గుర్తున్నాయా? ఒక పేజీలో ‘అక్టోబరు’ అని ఒక్క మాట, తరువాత ‘నవంబరు’, తరువాత ‘డిసెంబరు’, తరువాత ‘జనవరి’. మిగిలినదంతా ఖాళీ. హాస్టల్ గదిలో మిమ్మల్ని ఏడిపించినది ఆ తెల్లకాగితమే అయి ఉంటుంది. దుఃఖంలో ఉన్నవారికి నెలలు ఎలా గడిచిపోతాయో అంత పొదుపుగా చెప్పిన పేజీలు జనాదరణ నవలలలో మాకు ఎక్కువగా తారసపడలేదు.

ఇప్పుడు అవే పేజీలు తిప్పుతుంటే మీకు వేరే సంగతి తట్టి ఉంటుంది: ఆ నాలుగు నెలలూ రాత్రుళ్ళు కూతురు కేకలు పెడుతూ లేస్తుంటే, ఏం చెయ్యాలో తోచక తలుపు దగ్గర నిలబడిన తండ్రి చార్లీ. అప్పుడు బెల్లా పక్కన కూర్చుని చదివారు, ఇప్పుడు చార్లీ పక్కన కూర్చుని చదువుతున్నారు. రెండు చోట్లూ ఆ నవలలోనే ఉన్నాయి.

గుంటూరు నుంచి ఒక పాఠకుడు: నాలుగో భాగం చదివి పుస్తకం గోడకేసి కొట్టాలనిపించింది. నాకు ఒక్కడికేనా?

మీకు ఒక్కరికే కాదండీ. ‘బ్రేకింగ్ డాన్’ 2008 ఆగస్టు 2న వెలువడిన తొలిరోజే అమెరికాలో 13 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి, అదే వారంలో కొన్న పుస్తకాన్ని దుకాణానికి తిరిగి ఇచ్చేద్దామని పిలుపునిచ్చిన అభిమానులూ బయలుదేరారు. మూడు భాగాల పాటు బెల్లాను ప్రేమించిన జేకబ్ అప్పుడే పుట్టిన ఆమె కూతురితో జన్మబంధం (తన ప్రమేయం లేకుండానే జీవితాంతం ఒకరికి కట్టుబడిపోవడం) ముడివేసుకోవడం చాలామందికి మింగుడుపడలేదు, మాకూ పడలేదు. ఎడ్వర్డ్ కుటుంబానికీ రక్తపిశాచుల పాలకులకూ మధ్య వందల పేజీలు సన్నాహం చేసిన యుద్ధం జరగకుండానే ముగియడం రెండో ఫిర్యాదు. ఇక్కడ మాత్రం మేము రచయిత్రి పక్షమే. నాలుగు పుస్తకాలుగా ‘ఆగడం’ గురించి రాస్తూ వచ్చిన కథ చివర కత్తి దూయకుండా ఆగడమే దానికి తగిన ముగింపు. 2012 నాటి చిత్రంలో ఆ యుద్ధాన్ని భవిష్యద్దర్శనంగా చూపించి ప్రేక్షకులను తృప్తిపరిచారు.

అమెరికాలోని బెల్వ్యూ నుంచి ఒక పాఠకురాలు: మేము సియాటెల్ పక్కనే ఉంటాము. సెలవులలో పిల్లలతో ఫోర్క్స్ వెళ్ళి, అక్కడినుంచి లా పుష్ సముద్రతీరానికీ వెళ్ళాము. నవలలో తోడేళ్ళుగా మారేవారిగా చూపిన క్విల్యూట్ తెగవారు నిజంగా అక్కడ ఉన్నారని అప్పుడే తెలిసింది. ఇలా ఒక తెగను కథలో వాడుకోవచ్చునా?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసినది మీదే. అమెరికాలో బాగా వానలు పడే ఊరు ఏదని ఇంటర్నెట్‌లో వెతికి రచయిత్రి ఫోర్క్స్‌ను ఎంచుకున్నారు. మొదటి ప్రతి రాసేనాటికి ఆ ఊరు చూడనేలేదు. ఆ ఊరికి పక్కనే ఉన్న పాపానికి క్విల్యూట్‌లు కథలోకి వచ్చారు. తమ పూర్వీకులను దైవశక్తిగల ఒక సంచారి తోడేళ్ళ నుంచి మనుషులుగా మార్చాడని వారి పుట్టుకగాథ చెబుతుంది. అంటే, తోడేలు మనిషి అయిన కథ వారిది. మనిషి కోపంతో తోడేలుగా మారి రక్తపిశాచులతో పోరాడటం మేయర్ కల్పన. వినడానికి చిన్న మార్పులా ఉంటుంది, కాని దిక్కే తిరగబడింది. మన కులగాథనో గ్రామదేవత కథనో ఎవరైనా అలా తిప్పి రాసి ప్రపంచమంతా అమ్మితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

సియాటెల్‌లోని బర్క్ మ్యూజియం ఆ తెగవారితో కలిసి, నవలలోని కల్పనకూ వారి అసలు చరిత్రకూ ఉన్న తేడాను వివరించే పని చేసింది. పిల్లలకు అది చూపించండి. మరొక సంగతి కూడా చెప్పండి: లా పుష్ ఊరు సునామీ వస్తే మునిగిపోయే చోట ఉంది. మెరకకు తరలిపోవడానికి ఆ తెగవారు ఏళ్ళ తరబడి అడగగా, 2012లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి పక్కనున్న ఒలింపిక్ జాతీయ ఉద్యానవనం భూమిలో కొంత వారికి అప్పగించింది. పిల్లల బడిని ముందుగా ఆ మెరక మీదికి తరలించారు. నవలలో ఆ తెగవాడే అయిన జేకబ్‌కు సముద్రం వల్ల ఏ భయమూ లేదు. ఆ ఊరి అసలు పిల్లలు ఆ భయంతోనే బడికి వెళ్ళి వచ్చారు. ఇంత బలమైన సంగతి పక్కనే ఉండగా రచయిత్రికి అది కనబడకపోవడం మాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

రాజమహేంద్రవరం నుంచి ఒక తెలుగు అధ్యాపకుడు: మానవులకూ అమానుషులకూ ప్రేమకథలు మనకు లేవా? ఇవి చదివే విద్యార్థులకు మన సాహిత్యంలో ఏది చూపించాలి?

మాస్టారూ, మీకు తెలియనిదేముంది, ‘మనుచరిత్ర’ ఉండనే ఉంది. కాళ్ళకు సిద్ధుడిచ్చిన లేపనం పూసుకుని హిమాలయానికి ఎగిరి వెళ్ళిన ప్రవరుడు, అది మంచుకు కరిగిపోగా ఇంటి దారి తెలియక, ఎదురైన అప్సరస వరూధినినే దారి అడుగుతాడు. ఆమె అతడిని కోరుతుంది, అతడు కాదంటాడు. ‘ట్విలైట్’ చదివిన పిల్లలకు ఇక్కడ పాత్రలు తారుమారవుతాయి: అమానుష శక్తి ఉన్నది స్త్రీ, ఆగినవాడు మామూలు మనిషి.

ఆ తరువాతి కథను తరగతిలో త్వరగా దాటించకండని మా మనవి. వరూధిని అంతకుముందు నిరాకరించిన గంధర్వుడు ప్రవరుడి రూపం ధరించి వచ్చి, కలయిక వేళ కళ్ళు మూసుకొమ్మని షరతు పెట్టి ఆమెను మోసగిస్తాడు. ఆమె ఒప్పుకున్నది ఎవరికి, దక్కించుకున్నది ఎవరు? ఏలూరు తల్లిగారు కిటికీ గురించి అడిగిన ప్రశ్న అయిదువందల ఏళ్ళనాటి మన ప్రబంధంలో ఇంతకంటే పదునుగా ఉంది. పెద్దన ఆ ఘట్టాన్ని శృంగారంగానే నడిపాడు. దానిని ఈనాటి ఆడపిల్లలు ఎలా చదువుతారో మీ తరగతిలో విని మాకు రాయండి, తప్పక వేస్తాము.

అనంతపురం నుంచి ఒక పాఠకుడు: ‘మిడ్‌నైట్ సన్’తోనే మొదలుపెట్టవచ్చునా?

వద్దు. అది మొదటి నవలలోని సంగతులనే ఎడ్వర్డ్ వైపు నుంచి చెబుతుంది, ముందు బెల్లా వైపు తెలిస్తేనే దాని రుచి తెలుస్తుంది. 2015లో రచయిత్రి ‘లైఫ్ అండ్ డెత్’ పేరుతో మొదటి నవలనే ఆడా మగా పాత్రలు తారుమారు చేసి తిరగరాశారు. ప్రతిసారీ ఆడపిల్లను ఎవరో ఒకరు కాపాడవలసిందేనా అన్న విమర్శకు అది ఆమె ఇచ్చిన జవాబు. దాని ముగింపు వేరు కనుక ఏమవుతుందో చెప్పము. ‘ట్విలైట్’ ముగించిన వెంటనే చదవండి. ఏ సన్నివేశం అబ్బాయి చేసినప్పుడు కోపం తెప్పించి, అమ్మాయి చేసినప్పుడు తెప్పించలేదో గుర్తు పెట్టుకుంటూ చదివితే మాకు రాయడానికి మీ దగ్గర చాలా ఉంటుంది.